కిటికీ గట్టు మీద బూటు

మా ఊళ్ళో నవంబరులో సూర్యుడు సెలవు పెడతాడు.
కొండ వెనక్కి వెళ్ళినవాడు
జనవరి చివర్న గానీ మొహం చూపించడు.
అప్పటిదాకా మాకు వెలుగంటే
మంచూ, చేపల ఫ్యాక్టరీ దీపాలూ,
కిటికీల్లో కొవ్వొత్తులూ.

ఆ చీకట్లోంచే దిగొస్తారు
ఐస్‌లాండ్ కొండల్లోని పదముగ్గురు అన్నదమ్ములు,
క్రిస్మస్‌కి ముందు, రాత్రికొకడు చొప్పున.
గిన్నెలు నాకేవాడొకడు,
తలుపులు దబాలున వేసేవాడొకడు,
కొవ్వొత్తులు కాజేసేవాడొకడు.
అందరూ దొంగలే.
అయినా కిటికీ గట్టు మీద పిల్లల బూటు కనిపిస్తే
ఉత్త చేతులతో పోరు.
బుద్ధిగా ఉన్నవాడికి నారింజ,
లేనివాడికి బంగాళాదుంప.
నాకు తెలిసిన మొదటి ధర్మశాస్త్రం అది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.
మా కింది వాటాలోకి పోలండ్ నుంచి
బొజెనా, ఆమె కూతురు యాద్విగా వచ్చారు.
తల్లి ఫ్యాక్టరీలో కాడ్ చేపలు కోసేది.
కూతురు లెక్కల్లో నాకన్నా ముందు చెయ్యెత్తేది.
అంతే.
తొమ్మిదేళ్ళ కడుపుమంటకి ఆ చితుకు చాలు.

టీచరు చెప్పినదాంట్లో సగమే అర్థమై
ఆ పిల్ల కూడా పెట్టింది కిటికీలో
ఎర్ర రబ్బరు బూటు.
హీటరు ఉక్కకి నాలుగు వేళ్ళ మేర తెరిచుంది అద్దం.
నా చెయ్యి పట్టింది.
సంచిలో అన్నిటికన్నా చిన్న దుంప,
మొలక కన్ను ఒకటి బయటికి తొంగిచూస్తున్నది,
వేశాను.
అది బూటులో పడ్డ చప్పుడు
మంచులో ఇల్లు చేరేదాకా వెంట వచ్చింది.

మర్నాడు క్లాసులో
రాని మా భాషలో, విరిగిన మాటల్లో, ప్రకటించింది:
"నాకు బంగాళాదుంప వచ్చింది!"
అందరూ పగలబడి నవ్వారు.
తన సంతోషం అందరికీ పంచాననుకుని
తనూ నవ్వింది.
టీచరు కిటికీ వైపు తిరిగింది.
నేను తేలు కుట్టిన దొంగని.

ఇరవై నాలుగో తేదీ సాయంత్రం
ఆరింటికి మా ఇంట్లో పండగ.
దానికి ముందే మెట్లు దిగి వెళ్ళాను,
జేబులో నా నారింజ, నోట్లో ఒక్క వాక్యం.
"నేనే పెట్టాను."
మెట్టు మెట్టుకీ వల్లించుకున్నాను.

వరండాలో తల్లీకూతుళ్ళు మెడలు రిక్కించి నిలబడి ఉన్నారు.
మొదటి చుక్క పొడిస్తే గానీ
వాళ్ళు అన్నం ముట్టరట.
మధ్యాహ్నం మూడున్నరకే రాత్రయ్యే ఊళ్ళో,
మబ్బు దుప్పటి కింద, ఏ చుక్క?
చివరికి రేవులో పడవ దీపాన్ని చూపించి
"అదిగో" అంది బొజెనా.
దేవుడు సర్దుకుంటాడులే అన్నట్టు.

బల్ల గుడ్డ కింద ఎండుగడ్డి,
బల్ల మీద పన్నెండు వంటకాలు.
చిన్నవే, కొన్ని చెంచాడే.
మూడో కుర్చీ ఖాళీ. దాని ముందు కంచం.
"ఎవరికి?"
"రాబోయేవాళ్ళకి," అంది యాద్విగా.
"వచ్చావుగా."

పల్చటి అప్పం విరిచి నా చేతిలో పెట్టింది తల్లి,
నా చేతిలోది తను విరుచుకుంది.
మాటలు అర్థం కాలేదు. దీవెన అని తెలిసింది.
ఆ తర్వాత ఆవిరి కక్కే కుడుము ఒకటి
నా కంచంలో.
"ఇది," అంది యాద్విగా, "బూటులో దుంపతో చేసింది.
ఒక్కటే వచ్చింది. అతిథికి."

ఎలా మింగానో చెప్పలేను.
ఉప్పు ఎక్కువైందనుకుంటా,
లేదా అది నాదే.
వల్లించుకున్న వాక్యం దుంపతోపాటే లోపలికి పోయింది.
నారింజ బల్ల మీద పెట్టి
గంటలు మోగుతుంటే మెట్లెక్కి పరుగెత్తాను.

నాకిప్పుడు నలభై ఒకటి.
యాద్విగా మా ఊరి పోస్టాఫీసు చూస్తున్నది.
నా పెళ్ళైన ఏడు, డిసెంబరులో ఒక పొద్దున,
గుమ్మం బయట నేను వదిలిన మంచు బూటులో
కడిగి, కాగితంలో చుట్టిన
చిన్న దుంప.
ఆపై ప్రతి ఏడూ.

ఆమెకి ఎప్పటి నుంచి తెలుసో అడగలేదు.
స్టాంపులు కొనడానికి వెళ్తే
చిల్లర లెక్కపెట్టి ఇస్తుంది,
ఇప్పటికీ నాకన్నా ముందే.